తెరకు అవతలి సీటు

ఇస్తానంటే నిజంగానే తీసుకునే మనిషి ఉంటాడని దీవెన అనుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం గవర్నర్‌పేట ఆఫీసులో అందరూ క్యారియర్లు విప్పుకుని కూర్చున్న వేళ ఆమె రామ్మూర్తి గారితో, "సర్, టోక్యోకి బిజినెస్ క్లాసులో మీరు వెళ్ళండి, నేను వెనక కూర్చుంటాను" అంది. ఆయన గోంగూర కలుపుకుంటున్న చేతిని ఆపి, తలెత్తి, "సరేనమ్మా, మంచిది" అన్నారు. అని, ముద్ద నోట్లో పెట్టుకున్నారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్క క్షణం నమలడం మానేశారు. తర్వాత ఎవరో మజ్జిగ గిన్నె అటు జరిపారు. అంతే. దీవెన సీటు పోయింది.

తమాషా ఏమిటంటే అది ఆమె స్వయంగా రాసిన నియమం ఆమెకిచ్చిన సీటు. రొయ్యలు ఎగుమతి చేసే ఆ కంపెనీలో మొన్నమొన్నటిదాకా ఎవరు ఏ క్లాసులో వెళ్ళాలన్నది కంపెనీ పెట్టిన పెద్దాయన మనసుకి తోచినట్టు జరిగిపోయేది. ఆయన కూతురు జ్ఞానేశ్వరి ఎండీ అయ్యాక, ప్రయాణాల మీద ఒక పాలసీ రాసిపెట్టమని దీవెనకి పురమాయించింది. దీవెన పది కంపెనీల పాలసీలు చదివి, శ్రద్ధగా రాసింది. ఆరు గంటలు దాటిన విమాన ప్రయాణానికి ఏజీఎం, ఆపై గ్రేడుల వాళ్ళకి బిజినెస్ క్లాసు. మిగతావాళ్ళకి ఎకానమీ. వచ్చిన సీటుని తమలో తాము మార్చుకోకూడదు, మార్చుకోవాలంటే ఎండీ ఒప్పుకోవాలి. పాలసీ మీద సంతకం అయిన కొన్నాళ్ళకి దీవెన ఏజీఎం అయింది. ఆ వెనకే జ్ఞానేశ్వరితో కలిసి టోక్యో ప్రయాణం వచ్చింది. జపాన్ కొనుగోలుదారు, ఇన్నేళ్ళుగా తనకి మెయిళ్ళు రాస్తూ వచ్చిన రామ్మూర్తి గారిని కూడా తీసుకురమ్మన్నాడని జ్ఞానేశ్వరి చెప్పింది. రామ్మూర్తి గారు ఎగుమతుల విభాగంలో రిటైరై, ఇప్పుడు సలహాదారుగా వారానికి రెండు రోజులు వస్తున్నారు. సలహాదారుకి గ్రేడు లేదు. పాలసీ రాసేటప్పుడు దీవెనకి ఆ సంగతి తట్టలేదు. గ్రేడు లేని మనిషి ఎకానమీలో కూర్చోవాలి. తనకి పని నేర్పిన మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, వెనక. తను ముందు. మధ్యన ఒక తెర.

అందుకని ఇస్తానంది. కృష్ణా జిల్లాలో పెరిగిన ఎవరికైనా ఆ వరస తెలుసు. మీరు తీసుకోండి అంటాం. అబ్బే, వద్దండీ అంటారు. లేదు, తీసుకోవాల్సిందే అంటాం. భలేవారే, నాకెందుకండీ అంటారు. మూడోసారి కూడా అడిగి, ఇక లాభం లేదన్నట్టు నిట్టూర్చి, మన వస్తువు మనం వెనక్కి తెచ్చుకుంటాం. వస్తువు మన దగ్గరే ఉంటుంది, మనసు తేలికవుతుంది. దీవెన ఆ మూడు మాటలకీ సిద్ధపడే మొదటి మాట అంది. రెండోదానికి అవకాశమే రాలేదు.

ఆదివారం గుడిలో ప్రార్థన అయి వచ్చాక ఈ సంగతి భర్త బెన్నీకి చెప్పింది. బెన్నీ ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. మొత్తం విని, చొక్కా హ్యాంగరుకి తగిలిస్తూ నవ్వాడు.

"నువ్వు ఇచ్చావు, ఆయన తీసుకున్నారు. ఇందులో ఆయన చేసిన మోసం ఏమిటో నాకు అర్థం కావట్లేదు."

మోసం అని తను అనలేదంది దీవెన. అనలేదు గానీ నీ మొహం అంటోంది అన్నాడు బెన్నీ.

ఆ సీటు వీడియో ఆమె ఫోన్లో చాలాసార్లు చూసింది. బెన్నీ నిద్రపోయాక కాదు, అందరూ మెలకువగా ఉన్నప్పుడే, బస్సులో, కూర ఉడుకుతున్నప్పుడు, చెవిలో తీగ పెట్టుకుని. ఒక మీట నొక్కితే సీటు మెల్లగా చాపుకుని మంచమవుతుంది. పక్కన చిన్న దీపం. కాళ్ళ దగ్గర ఒక గూడు. ముందుకి లాగితే ఒక పలక వచ్చి ఆ చోటుని గదిలా చేస్తుంది. భోజనం మీద గానీ, వాళ్ళిచ్చే సంచీ మీద గానీ ఆమెకి ఆశ లేదు. ఆ పలక మీద ఉంది ఆశ. అది మూసుకున్నాక ఎనిమిది గంటలపాటు తనని ఎవరూ ఏమీ అడగలేని చోటు ఒకటి భూమికి అంత ఎత్తున ఉందన్న ఊహ ఆమెకి హాయిగా ఉండేది. తనకి కావలసింది సుఖం కాదనీ, అందకుండా పోవడమనీ ఆమెకి తెలుసు. తెలిసినా ఆ కోరికకి పేరు పెట్టి ఎవరితోనూ చెప్పలేదు. పెడితే అది చిన్నదైపోతుందేమోనన్న అనుమానం. చిన్నదయ్యాక దాన్ని వదులుకోవడం తేలిక కదా అన్న భయం దాని వెనకే.

మంగళవారం టికెట్లు కొనెయ్యాలి. పేర్లు మార్చాలంటే ఆ లోపే ఎండీకి చెప్పాలి. సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి దీవెన ఆటో ఎక్కి సత్యనారాయణపురంలో రామ్మూర్తి గారింటికి వెళ్ళింది. విమానంలో ఆయనకి ఏ భోజనం చెప్పాలో అడగడం నెపం. ఫోనులో అడిగితే సరిపోయే సంగతని ఆటోలో ఉన్నంతసేపూ ఆమెకి గుర్తుకొస్తూనే ఉంది. మాటల్లో మాటగా ఏదో ఒకటి తేలుతుందనీ, తను అడగకుండానే ఆయనకి అర్థమవుతుందనీ ఆశ.

తలుపు తీసింది ఆయన భార్య శాంతకుమారి. లోపల రామ్మూర్తి గారు టీపాయ్ మీద కొండపల్లి బొమ్మ ఒకటి పెట్టుకుని రంగు కాగితంలో చుడుతున్నారు. గంగిరెద్దు బొమ్మ. జపాన్ ఆయనకట. కొమ్ములు కాగితంలోంచి పొడుచుకొస్తున్నాయని ఫిర్యాదు చేశారు. ఆయన మొహంలో దీవెన ఎప్పుడూ చూడని కళ ఉంది. ఆఫీసులో ఆయన సరిగ్గా మడిచిన చేతిరుమాలులా ఉండేవారు. ఇప్పుడు ఎవరో ఆ మడతలు విప్పినట్టున్నారు.

శాంతకుమారి కాఫీ తాగుతావా అని అడిగింది. దీవెన, "వద్దాంటీ, ఇప్పుడే తాగొచ్చాను" అంది. తాగలేదు. శాంతకుమారి సరేనని వంటింటివైపు తిరిగి, కలిపేస్తాను, ఎంతసేపు అంటుండగానే రామ్మూర్తి గారు అడ్డుపడ్డారు.

"వద్దంది కదా శాంతా. నాకొక్కడికే పట్రా."

శాంతకుమారి ఆయన్ని ఒక చూపు చూసి, దీవెనతో, ఈయన ఈమధ్య ఇలా తయారయ్యారమ్మా అంది. ఎవరేమంటే అదే నిజమంటున్నారట. మొన్న ఆడపడుచు వచ్చి, భోజనం వద్దు వదినా అంటే, సరే పదమని బస్టాండులో దింపి వచ్చారట. ఆవిడ ఆకలితో మచిలీపట్నం దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఫోన్ చేసి తిట్టిందట. రామ్మూర్తి గారు ఇదంతా ఎవరి గురించో అన్నట్టు విని, బొమ్మకి చివరి మడత వేశారు. కాసేపటికి ఒకే ఒక్క గ్లాసులో కాఫీ వచ్చింది. ఆయన దీవెన ఎదురుగానే, ఏ ఇబ్బందీ లేకుండా, మెల్లగా తాగారు. ఆ వాసనకి దీవెనకి తల నొప్పెట్టడం మొదలైంది.

భోజనం సంగతి ఒక్క మాటతో అయిపోయింది. శాకాహారం, పెరుగు దొరికితే ఇంకా మంచిది. ఆ తర్వాత ఆయన ట్యాబు తీసి దీవెన పక్కకి జరిగారు. "ఇది చూశావా అమ్మా?" అన్నారు. అదే విమానం. అదే సీటు. అదే వీడియో.

చూడలేదన్నట్టు దీవెన ముందుకి వంగింది.

ఆయన చిన్నపిల్లాడిలా చూపిస్తున్నారు. ఇదిగో మీట, ఇదిగో కాళ్ళు పెట్టుకునే చోటు, నా మోకాలికి ఇది బాగుంటుంది, ఇదిగో చదువుకోవడానికి దీపం. దీవెన తలూపుతూ, అలాగాండీ, భలే ఉందండీ అంటోంది. ఎన్నోసారి చూస్తున్నా ఆ సీటు చాపుకోవడం మొదలుపెట్టేసరికి ఆమె ఊపిరి కొద్దిగా నెమ్మదించింది. శరీరం అలవాటైన చోటికి వెళ్ళినట్టు మనసు ఆ పలక వైపు వెళ్ళింది. వెళ్ళి, నోటిని కాపలా లేకుండా వదిలేసింది.

"ఇప్పుడు దుప్పటి ఇస్తుంది చూడండి, నీలం అంచుది" అంది.

తెర మీద ఒక చెయ్యి వచ్చి దుప్పటి ఇచ్చింది. నీలం అంచు.

రామ్మూర్తి గారు వీడియో ఆపారు. ఆయన దీవెన వైపు చూడలేదు, ఆగిపోయిన ఆ చేతినే చూస్తున్నారు.

"చూశావన్నమాట."

"చూశానండి."

"నీకు కావాలా ఆ సీటు?"

అడిగిన తీరులో కోపం లేదు, వెటకారం లేదు. ఆఫీసులో, ఈ కంటైనరు ఏ ఓడకి వెళ్ళాలి అని అడిగినట్టు అడిగారు. దీవెన లోపల రెండు జరిగాయి. ఒకటి, అవును అన్న మాట గొంతు దాకా వచ్చింది. రెండోది, దానికంటే ముందుగా, ఆమె ప్రమేయం లేకుండా, నాలుక తన పని తను చేసేసింది.

"అబ్బే, లేదండి. మీకని ఇచ్చేశాను కదా."

ఆయన సరేనని మళ్ళీ వీడియో నడిపించారు.

వంటింటి గుమ్మంలోంచి శాంతకుమారి, ఆ పిల్ల మొహం చూడండి కాస్త అంది. మొహాలు చూసి అర్థం చేసుకునే పని మానేశానన్నారు ఆయన. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి అదే చేశాననీ, తన మొహం చూసి కూడా ఎవరో అర్థం చేసుకుంటారని కూర్చున్నాననీ అన్నారు. అని ట్యాబు పక్కన పెట్టేసి చెప్పడం మొదలుపెట్టారు. దీవెన ఆయన దగ్గర పనిచేసిన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పని సంగతి.

ఏటా ఎవరో ఒకరు విదేశాలకి వెళ్ళాల్సి వచ్చేది. ఏటా పెద్దాయన గదిలోకి పిలిచి, ఈసారి మీరు వెళ్తారా రామ్మూర్తి గారూ అని అడిగేవారు. నాకెందుకండీ, కుర్రాళ్ళని పంపండి అనేవారు ఈయన. అని, గుమ్మం దాకా నెమ్మదిగా నడిచేవారు, రెండోసారి అడగడానికి ఆయనకి వ్యవధి ఇస్తూ. పెద్దాయన రొయ్యల చెరువుల దగ్గర నుంచి పైకి వచ్చిన మనిషి. ఒకసారి అడిగేవారు, ఒకసారి వినేవారు, అంతే. ఈయన సీటుకి వచ్చి ఆ కుర్రాడికి వీసా కాగితాలు తయారుచేసేవారు. తయారుచేస్తూ, ఈ మనిషికి నా విలువ తెలియదని లోపల్లోపల కుమిలేవారు. ఆ కుమిలిపోవడం ఎంత అలవాటైపోయిందంటే అదే తన మంచితనమని అనుకునేవారట. చివరికి రిటైరైన రోజు, సభలో దండ వేశాక, పెద్దాయన మైకు పట్టుకుని, రామ్మూర్తి గారికి విమానాలంటే గిట్టదు, ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు, ఎందుకో నాకిప్పటికీ తెలియదు అన్నారు. నిజంగా ఆశ్చర్యపోతూ అన్నారు.

"ఆయన నన్ను చిన్నచూపు చూశాడనుకుంటూ గడిపేశానమ్మా. ఆయన అడిగాడంతే. నేనే చెప్పలేదు."

ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధ కంటే ఎక్కువగా, లెక్క తప్పు ఎక్కడ జరిగిందో దొరికినవాడి తృప్తి ఉంది. ఆయన మాటలు వింటూనే దీవెన మరో చోటికి వెళ్ళిపోయింది.

చల్లపల్లిలో అమ్మ. రావమ్మ నర్సు అంటే ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. పసిపిల్లలకి టీకాలు వెయ్యడానికి ఇంటింటికీ తిరిగేది. బడి లేని రోజుల్లో దీవెన వెనకే వెళ్ళేది. కొన్ని ఇళ్ళ వరండాల్లో, తాగడానికి ఏమన్నా ఇమ్మంటారా అన్న మాట ఇంటివాళ్ళ నోట్లోంచి రాకముందే అమ్మ, మాకేం వద్దండీ, ఇంకా చాలా ఇళ్ళున్నాయి అనేసేది. ఎండలో నాలుక పిడచకట్టుకుపోయిన దీవెనకి అమ్మ మీద కోపం వచ్చేది. పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. ఏ గ్లాసులో ఇవ్వాలా అని ఆ ఇంటివాళ్ళు ఒక్క క్షణం తటపటాయించడం కూతురి కంట పడకూడదు. ఆ క్షణం రాకుండా అమ్మ ముందే తలుపు వేసేసేది. అమ్మ ఎవరి మాటనీ కాదనలేదు. ఆ మాటని పుట్టనివ్వలేదు.

రామ్మూర్తి గారి వద్దు వేరు, తన వద్దు వేరు అనుకుంది దీవెన. ఆయన వద్దన్నది మళ్ళీ అడుగుతారన్న ధీమాతో. తను వద్దనేది మళ్ళీ అడగరేమోనన్న భయంతో, అడగకముందే తయారై. రెండూ బయటికి ఒక్కలాగే వినిపిస్తాయి. శుక్రవారం నాడు సీటు ఇస్తాననడం కూడా ఆ భయమేనా? నీకెందుకు ఆ సీటు అని ఎవరైనా అనేలోగా తనే లేచి నిలబడిందా? ఆమెకి ఖచ్చితంగా తెలియలేదు. కానీ ఈ గదిలో ఎవరూ తటపటాయించడం లేదు. ఈ ముసలాయన ఒక ప్రశ్న అడిగాడు. జవాబు కోసం కాచుక్కూర్చోలేదు, ఊహించలేదు. తను ఏది చెబితే అది తీసుకుంటాడు. అంత ఖాళీ చోటు తన ముందు ఎవరూ ఎప్పుడూ ఉంచినట్టు లేదు.

"సర్," అంది. "నాకు ఆ సీటు కావాలండి. మీకిస్తానన్నప్పుడు కూడా కావాలి. మీరు వద్దంటారని ఇస్తానన్నాను."

అనేసింది. ఇల్లు కూలలేదు. వీధిలో ఎవరో స్కూటరు కిక్కు కొడుతున్నారు.

రామ్మూర్తి గారు చుట్టిన బొమ్మని టీపాయ్ మీద కొంచెం పక్కకి జరిపారు. ఆయన మొహంలో ఆశాభంగం దాచకుండా కనిపించింది, మబ్బు నీడ పొలం మీద కదిలినట్టు. కనిపించనిచ్చారు. తర్వాత, "నాకూ కావాలి" అన్నారు.

తీసుకో అనలేదు. పోనీలే అనలేదు. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్న దీవెనలోని పాత మనిషి ఒక్కసారి తొట్రుపడింది. మరుక్షణం వింతగా ఆమెకి గుండె నిండినట్టైంది. ఒకే వస్తువుని కోరుకుంటున్న ఇద్దరు మనుషులు, ఒక టీపాయ్‌కి ఇటూ అటూ, ఒకరిమీద ఒకరికి కోపం లేకుండా కూర్చుని ఉన్నారు. ఇంత మామూలు సంగతి ఆమె జీవితంలో ఇంతవరకూ జరగలేదు.

శాంతకుమారి వచ్చి కాఫీ గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. ఈయన సత్యవ్రతం ఈయనది, నా వంటిల్లు నాది, ముందు తాగు అంది. దీవెన తాగింది.

ఆ తర్వాత బేరం మొదలైంది. వెళ్ళేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఒకరు అన్న మాట ఎవరు ముందన్నారో ఇద్దరికీ గుర్తు లేదు. ఢిల్లీలో సాయంత్రం ఎక్కితే తెల్లారి టోక్యో, అంటే పడుకునేది వెళ్ళేటప్పుడే. వచ్చేది పగటి ప్రయాణం. కాబట్టి ఇద్దరికీ వెళ్ళేటప్పటి సీటే కావాలి. రామ్మూర్తి గారు మోకాలి మీద చెయ్యి వేసుకుని దగ్గారు.

"మోకాలు చూపించకండి సర్. అది మొహమాటపెట్టడం" అంది దీవెన.

ఆయన చెయ్యి తీసేశారు. తీసేసి, పకపకా నవ్వారు. శాంతకుమారి ఆ నవ్వుకి వంటింట్లోంచి తొంగి చూసింది. బీసెంట్ రోడ్డులో చీరల కొట్టువాడితో కూడా దీవెన ఎప్పుడూ అంత గట్టిగా బేరమాడలేదు. పగలైతేనేం, తలుపేసుకుంటే పగలూ రాత్రీ ఒకటే కదా అన్నారాయన. అయితే మీరే పగలు తీసుకోండి అంది ఆమె. చివరికి, దిగగానే జపాన్ ఆయన్ని కలిసేది రామ్మూర్తి గారు కాబట్టి ఆయన నిద్రపోయి దిగడం కంపెనీకి మంచిదన్న వాదనకి దీవెన ఒప్పుకుంది. మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. ఆ మాట కూడా పైకే చెప్పింది. ఆయన, రాసిపెట్టుకుంటానన్నారు. వెళ్ళేటప్పుడు ఆయన, వచ్చేటప్పుడు ఆమె.

ఇంటికి తిరిగి వెళ్తుంటే కాలవగట్టు మీద గాలి చల్లగా తగిలింది. సగం సీటే దక్కింది. అయినా మొత్తం తనదే అన్నట్టు ఉంది. శుక్రవారం దాకా ఆ సీటు మొత్తం తనదే అయినా అలా అనిపించలేదెందుకో.

మంగళవారం ఉదయం జ్ఞానేశ్వరి గదిలోకి వెళ్ళేటప్పుడు దీవెన మాటలేమీ కూర్చుకోలేదు. జ్ఞానేశ్వరి ఆమె ఈడుదే. తండ్రిలాగా పొద్దున్నే వచ్చి కూర్చుంటుంది. మాట మాత్రం తల్లి పోలిక, ఎవరినీ నొప్పించని మాట. బల్ల మీద ఎడమవైపు చూడాల్సిన కాగితాలు, కుడివైపు చూసినవి. దీవెన నిలబడే చెప్పింది. ఏం జరిగిందో, శుక్రవారం తను ఏమందో, ఎందుకందో, నిన్న ఏం తేల్చుకున్నారో. పాలసీ రాసింది తనే కాబట్టి, మార్పుకి అనుమతి అడగడం కూడా తన పనే అని చెప్పింది.

జ్ఞానేశ్వరి వింటున్నంతసేపూ కొంచెం ఇబ్బందిగా కదిలింది. ఇద్దరు పెద్దవాళ్ళు తన సంతకం ఉన్న కాగితం మూలంగా ఒక సీటు కోసం బేరమాడుకున్నారన్నది ఆమెకి చిన్నతనంగా తోచినట్టుంది. గ్రేడుల విషయం తనే చూసుకోవాల్సిందంది. నాన్నగారుంటే ఇలా జరిగేది కాదంది. ఆమె కళ్ళు గోడ మీది ఓడ బొమ్మ మీదికి వెళ్ళి వచ్చాయి.

"ఇంత చిన్నదానికి మీరిద్దరూ అవస్థ పడటం ఎందుకు దీవెన గారూ. నా సీటు రామ్మూర్తి గారికి ఇచ్చెయ్యండి. రెండువైపులా. నేను వెనక కూర్చుంటాను. నాకేముంది, ఎక్కడైనా నిద్ర పడుతుంది."

చెబుతూనే ఆమె చెయ్యి ఎడమవైపు కాగితాల మీదికి వెళ్ళింది. పైది తీసుకుంది. ఈ సంగతి ముగిసినట్టే. ఇప్పుడు దీవెన, అయ్యో అదేంటండీ, మీరు వెనకేంటి, అంటుంది. ఆమె ఇంకోసారి అంటుంది. దీవెన చెవులు మూసుకున్నంత పని చేస్తుంది. ఆ తర్వాత ఇద్దరూ కొంచెం నవ్వుకుంటారు. ఆ మాటలన్నీ అప్పటికే గదిలో వరసగా కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నట్టు దీవెనకి అనిపించింది. కాగితం తీసుకున్న ఆ చేతిని చూసింది. శుక్రవారం మధ్యాహ్నం తన చెయ్యి కూడా ఇలాగే, రామ్మూర్తి గారు జవాబు చెప్పేలోగానే, తన క్యారియర్ గిన్నె మీదికి వెళ్ళి ఉంటుంది.

నాలుక సిద్ధంగా ఉంది. ఈసారి దీవెన దానికంటే ఒక్క క్షణం ముందుంది. ఆ క్షణంలో చాలా పట్టింది. ఈమె నిజంగానే అంటోందేమో. అనకపోతే అనకపోనీ. అనని మాటని తనెలా వినగలదు?

"సరేనండి," అంది. "థాంక్సండి. టికెట్ల అతనికి ఇప్పుడే చెప్పేస్తాను."

జ్ఞానేశ్వరి చేతిలో కాగితం గాల్లో ఆగింది.

ఆమె తలెత్తింది. మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమై చూసింది. కిందనుంచి హోల్‌సేల్ కొట్ల ముందు బస్తాలు దింపుతున్న చప్పుడు వస్తోంది. దీవెన చూపు దించుకోలేదు. తను ఏ తప్పూ చెయ్యలేదన్న ధైర్యం ఒకవైపు, ఉద్యోగం సంగతేమిటన్న ఆలోచన ఒకవైపు, రెండూ ఒకదాన్నొకటి తోసుకోకుండా పక్కపక్కనే ఉన్నాయి.

జ్ఞానేశ్వరి కాగితాన్ని తీసిన చోటే పెట్టేసింది. ఆమె మొహంలో మర్యాద మెల్లగా తప్పుకుని, దాని కింద అలసట కనిపించింది. ఆ మొహం ఇంకా బాగుంది.

"తలుపు వేసి వచ్చి కూర్చోండి" అంది. దీవెన కూర్చున్నాక, గోడ మీది ఓడనే చూస్తూ చెప్పింది.

"ఆయన్ని తీసుకురమ్మని జపాన్ వాళ్ళు అడగలేదు దీవెన గారూ. నేరుగా నేనడిగితే ఆయన వద్దంటారని, వాళ్ళడిగారని నేనే చెప్పాను."